మోకాళ్ళ నొప్పుల అత్తగారు, నాలుగేళ్ళ పాప, ఒక ఆదివారం పొద్దున

ప్రశ్న: మేం హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. బాబుకు తొమ్మిదేళ్ళు, పాపకు నాలుగు. ఆదివారం వస్తే మాల్, లేదంటే టీవీ. పిల్లల్ని కాస్త చెట్ల మధ్య తిప్పుదామని పోయిన నెల అనంతగిరి కొండలకు వెళ్ళాం. పోవడానికే రెండున్నర గంటలు. దార్లో పాపకు వాంతులు. తీరా చేరాక ఎక్కడ చూసినా కార్లు, జనం. మావారు చేతి వాచీలో అడుగులు చూసుకుంటూ ముందు ముందు నడిచారు. బాబు ‘బోర్’ అన్నాడు. పాప ఎత్తుకోమని ఒకటే ఏడుపు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ కారే దిగలేదు. తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చి ఏడాదైంది, ఇల్లు కదలడమే లేదు. అందరం కలిసి వెళ్ళగలిగే, కష్టం లేని చోట్లు దగ్గర్లో ఉన్నాయా? పాములు, కోతులు అంటే నాకు చాలా టెన్షన్. అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.
– ఒక పాఠకురాలు

సమాధానం:

అనంతగిరి తప్పేమీ లేదమ్మా. మూసీ నది పుట్టే కొండలవి, వానలు వెలిసిన రోజుల్లో కళ్ళకు చల్లగా ఉంటాయి. కానీ నాలుగేళ్ళ పిల్లని రెండున్నర గంటలు కార్లో కూర్చోబెట్టి, దింపీ దింపగానే నడవమంటే ఏడవక ఏం చేస్తుంది? నేనైనా ఏడుస్తాను. ఊరు దాటి వంద కిలోమీటర్లు పోతే గానీ చెట్టూ పిట్టా కనిపించవని మనందరికీ ఒక నమ్మకం. మీ ఇంటి నుంచి ఆదివారం పొద్దున ట్రాఫిక్‌లో అరగంట లోపే చేరగలిగే చోట్లు రెండు ఉన్నాయి. వాటి సంగతి చెప్తాను. దానికి ముందు, మీ ఇంట్లోనే కూర్చుని ఉన్న గైడు గురించి చెప్పాలి.

మీ అత్తగారే.

వినాయక చవితి పూజ గుర్తు చేసుకోండి. మాచీపత్రం, బృహతీపత్రం, బిల్వపత్రం అంటూ ఇరవై ఒక్క ఆకులు. మనం మార్కెట్లో కట్టగా కొనుక్కొచ్చి, పుస్తకంలో ఏ పేరు వస్తే చేతికందిన ఆకు వేసేసి దణ్ణం పెట్టేస్తాం. తెనాలి వైపు పెరిగిన ఆవిడ అలా కాదు. బృహతి అంటే ముళ్ళ వాకుడని, దత్తూరం ఉమ్మెత్త అని, బదరి రేగు అని, సింధువారం వావిలి అని, అర్కం జిల్లేడు అని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు చవితి ముందు రోజు పొలం గట్ల మీద కోసుకొచ్చిన ఆకులే కదా. ఆ ఇరవై ఒక్క పేర్లూ బాబు చేత ఒక నోటుబుక్కులో రాయించండి. దేవదారు లాంటివి ఇక్కడ దొరకవు, వాటిని కొట్టేయండి. గరిక, జమ్మి, రావి, మద్ది, బిల్వం, గన్నేరు, ఉత్తరేణి, మామిడి... సగానికి పైగా మన పార్కుల్లోనో, పార్కుకు వెళ్ళే దారి పక్క ఖాళీ జాగాల్లోనో ఉంటాయి. ఏది ఎక్కడ కనిపించిందో రాసుకోవడం బాబు పని. అవునో కాదో తేల్చడం నాయనమ్మ పని. కారు దిగని ఆవిడ ఎంతసేపట్లో దిగుతుందో చూడండి.

ఉత్తరేణితో మొదలుపెట్టండి. ఇప్పుడు కార్తీకం కదా, కంకులు ఎండి మంచి ఊపు మీద ఉంటాయి. మోకాలెత్తు మొక్క, చివర సన్నగా, పొడుగ్గా కంకి. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని పైనుంచి కిందికి నిమిరితే ఏమీ కాదు. కింది నుంచి పైకి నిమిరి చూడమనండి బాబుని, చురుక్కుమంటుంది. గింజలన్నీ మొనలు కిందికి పెట్టుకుని కాండానికి ఆనుకుని ఉంటాయి. పక్కనుంచి ఏ మేకో, కుక్కో, మీ బాబు ప్యాంటో రాసుకుంటూ పోతే పట్టుకుని బయలుదేరిపోతాయి. కాళ్ళు లేని గింజకు ప్యాంటే బస్సు. సైన్సు పుస్తకంలో ‘విత్తన వ్యాప్తి’ అని ఒక పేజీ ఉంటుంది చూడండి, అది వాడి కాలికే అంటుకుని ఇంటికి వస్తుంది.

ఇక చోట్లు. మీకు నేను మొదట చెప్పేది కొత్తగూడ బొటానికల్ గార్డెన్. దాని పూర్తి పేరు కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ గానీ ఆటో వాళ్ళకు అలా చెబితే తెల్లమొహం వేస్తారు, కొత్తగూడ అంటే చాలు. సుమారు 270 ఎకరాలు. దాని చుట్టూ ఎన్ని అద్దాల మేడలు లేచాయో చూసి లోపలికి వెళ్తే ఆ పచ్చదనం ఇంకా అలాగే ఉండటం నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే. దారులు వెడల్పుగా, చాలావరకు చదునుగా ఉంటాయి. కూర్చోవడానికి చోటుంటుంది. మీ అత్తగారికి ఇవే కావాలి.

ఆవిడని అంతా తిప్పాలని చూడకండి. గేటు నుంచి ఐదు నిమిషాల నడకలో నీడ ఉన్న బెంచీ ఒకటి చూసి, అదే స్టేషన్ అనుకోండి. ఆవిడ అక్కడ. మీరు, పిల్లలు చిన్న చిన్న చుట్లు తిరిగి, రాలిన ఆకో, కాయో, ఫోన్లో ఫొటోనో పట్టుకుని స్టేషన్‌కు రావాలి. ఆవిడ పేరు చెప్పాలి. ఓపిక ఉంటే ఆవిడే లేచి ఇంకో బెంచీ దాకా నడుస్తుంది. ఎంత నడవచ్చో డాక్టరుని ఒకసారి అడిగి పెట్టుకోండి. మడత పెట్టే చిన్న స్టూలు ఒకటి కార్లో పడేసుకుంటే బెంచీ ఖాళీ లేని రోజున దిగులుండదు. పూర్తిగా కిందికి ఉండే స్టూలు మాత్రం కొనకండి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కూర్చోవడం సులువే, లేవడమే నరకం.

పాప సంగతి. నాలుగేళ్ళ పిల్ల నడక కిలోమీటర్లలో కొలిచేది కాదు. పోయినేడు మా మనవరాలితో ఒక పార్కుకు వెళ్ళాను. గంటసేపు ఉన్నాం. నడిచింది మూడొందల మీటర్లు ఉంటుందేమో. ఒక మర్రి చెట్టు కింద, వాన తడవని మెత్తటి దుమ్ములో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనిపించాయి. ఒక్కోటి రూపాయి బిళ్ళంత. పిల్ల అక్కడే గొంతుక్కూర్చుంది. ఒక చీమ ఆ గుంట అంచు మీదికి వచ్చింది, కాలు జారింది, పైకి పాకబోయింది. గుంట అడుగు నుంచి ఎవరో చిటికెడు దుమ్ము పైకి విసిరారు. చీమ మళ్ళీ జారింది. మళ్ళీ దుమ్ము. మూడోసారి చీమ లేదు. లోపల దాక్కున్నది ఒక పురుగు, గింజంత ఉంటుంది, దవడలు మాత్రం కొడవళ్ళు. అరచేతిలో వేసుకుంటే వెనక్కే నడుస్తుంది. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుతో పిలుస్తారు, మీ అత్తగారిని అడగండి, ఆవిడకొక పేరు తెలిసే ఉంటుంది. అదే పెద్దయ్యాక తూనీగలాంటి రెక్కల పురుగై ఎగిరిపోతుందంటే మా మనవరాలు నమ్మలేదు. ‘చీమ వాళ్ళమ్మకి తెలుసా?’ అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మేం పార్కులో వేరే ఏదీ చూడలేదు, ఇంటికొచ్చాక ఆ పిల్ల రెండు రోజులు వేరే ఏదీ మాట్లాడలేదు.

కాబట్టి పాప ఆగిన చోట ఆగండి. ఎత్తుకోమని అడిగేది అలసిపోయి కాదు చాలాసార్లు, పెద్దవాళ్ళ అడుగులు అందుకోలేక. ఆగనిస్తే అదే నడుస్తుంది. గంట, మహా అయితే గంటన్నర. ఇంకాసేపు ఉందామని పిల్లలు అంటున్నప్పుడే బయటికి వచ్చేయండి, వచ్చే వారం వాళ్ళే మిమ్మల్ని లేపుతారు.

మీవారి వాచీ గురించి కూడా ఒక మాట, నొచ్చుకోనంటే. రోజుకు పదివేల అడుగులనే లెక్క ఎవరో డాక్టర్లు కూర్చుని తేల్చింది అనుకుంటారు చాలామంది. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు కట్టుకునే అడుగుల మీటరు అమ్మింది. దాని పేరు ‘మంపో-కెయ్’, అంటే పదివేల అడుగుల మీటరు అని. ఆ పేరు అలా అతుక్కుపోయింది. నడక మంచిదే, ఎవరూ కాదనరు. ఆయన కావాలంటే పొద్దున్నే అరగంట ముందు వెళ్ళి గబగబా తన చుట్లు తాను తిరిగి రావచ్చు. ఆ తర్వాత వాచీ జేబులో పెట్టి, పాప వెనకాల నడవాలి. ఈ ఒప్పందం ఇంట్లోనే కుదుర్చుకోండి, పార్కులో కాదు.

రెండో చోటు అమీన్‌పూర్ పెద్ద చెరువు. మీకు పక్కనే. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో నగరం మధ్య ఉన్న ఒక చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. ఇది చదివి పాలరాతి మెట్లు ఉంటాయనుకోకండి. ఒడ్డున కొన్ని చోట్ల చెత్త ఉంటుంది, వాసన ఉంటుంది, చుట్టూ అపార్టుమెంట్లు మెడ మీదికి వస్తున్నట్టుంటాయి. అయినా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్ళ మీద చూడండి, చలిదేశాల నుంచి వలస వచ్చిన బాతులు, మన ఊరి కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు. అదృష్టం బావుంటే రాజహంసలు కూడా. బాబుకు ‘బోర్’ కొట్టని చోటు ఇదే అవుతుందని నా అనుమానం. బైనాక్యులర్స్ ఒకటి కొనిపెట్టండి. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది చాలు, అంతకంటే పెద్దదైతే పిల్లల చేతి వణుక్కి పిట్ట కనబడదు, ఆకాశం మాత్రం ఊగుతుంది.

చెరువు గట్ల దగ్గర ఈత చెట్లకో, తుమ్మ చెట్లకో గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటాయి. వానాకాలంలో కట్టినవి, ఇప్పుడు చాలావరకు ఖాళీవే. గాలికి కింద పడింది ఒకటి దొరికితే పిల్లల చేతికి ఇవ్వండి. సగమే కట్టి వదిలేసిన గూడు దొరికితే ఇంకా మంచిది. అల్లేది మగపిట్ట. గరిక పోచలు, ఆకుల ఈనెలు చీల్చి తెచ్చి సగం దాకా అల్లుతుంది, అప్పుడు ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తుంది. నచ్చితేనే మిగతా సగం. నచ్చకపోతే ఆ గూడు అక్కడే ఎండిపోవాల్సిందే. లోపల వేలు పెట్టి తడిమితే ఎండిన మట్టి ముద్ద ఒకటి తగులుతుంది. గూటికి మట్టి ఎందుకని పిల్లల్ని అడగండి. గాలికి ఊగిపోకుండా బరువు కోసమేమో అని కొందరంటారు. మీ బాబు ఏమంటాడో వినాలని నాకూ ఉంది.

ఇవి రెండూ మీకు సంవత్సరమంతా చాలు. మిగతావి గబగబా చెప్తాను.

జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు, అదే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం, 1998లో ప్రకటించారు. నెమళ్ళు మీ చెయ్యి తగిలేంత దగ్గరగా తిరుగుతాయి. ఆ గుండ్రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలంటే బాబు నోరు తెరుస్తాడు. లోపలి దారి ఎగుడుదిగుళ్ళు, మీ అత్తగారితో వద్దు. మీరూ బాబూ మాత్రం ఒక పూట వెళ్ళండి. పొద్దున, సాయంత్రం మాత్రమే తెరుస్తారు కాబట్టి వేళలు చూసుకుని బయలుదేరండి. నెమలీక దొరికితే పిల్లలు వదలరు, అక్కడ గొడవ ఖాయం. జాతీయ ఉద్యానవనం నుంచి ఈకైనా, రాయైనా, ఆకైనా బయటికి తీసుకుపోకూడదు, వన్యప్రాణుల చట్టం అది. గేటు దగ్గర జేబులు ఖాళీ చేయించడం కన్నా, లోపలికి వెళ్ళే ముందే ‘ఇక్కడ ఫొటోలే’ అని చెప్పి పెట్టండి. పత్రి ఆట కూడా ఇలాంటి చోట కళ్ళతోనే ఆడాలి.

చిలుకూరు దగ్గర మృగవని ఉంది. చుక్కల దుప్పులు, కణుతులనే పెద్ద దుప్పులు, అడవిపందులు ఉంటాయి. అవి కనిపిస్తాయనే హామీ లేదు. వాటి గిట్టల గుర్తులు, పెంటికలు మాత్రం కనిపిస్తాయి, పిల్లలకు అవే ఎక్కువ సరదా. బాలాజీ గుడికి వెళ్ళే పని ఉంటే దాంతో కలుపుకోండి. గుళ్ళో పదకొండు ప్రదక్షిణలు అయ్యాక పిల్లలకు మళ్ళీ నడిచే ఓపిక ఉంటుందా అంటే, ఉండదు. పార్కు ముందు, గుడి తర్వాత.

వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి మీకు ఊరికి అటు చివర. కానీ ఒక ఆట కోసం ఒక్కసారైనా వెళ్ళాలి. ఆట ఇది: తెలంగాణ రాష్ట్ర చిహ్నాలు పాలపిట్ట, జమ్మి, తంగేడు, చుక్కల జింక. ఆంధ్రప్రదేశ్‌వి రామచిలుక, వేప, మల్లె, కృష్ణజింక. పిల్లలు ఇక్కడ పుట్టారు కాబట్టి తెలంగాణ జట్టు, నాయనమ్మది ఆంధ్ర జట్టు. ఎవరు ముందు నాలుగూ చూస్తే వాళ్ళు గెలిచినట్టు. వేప, చిలుక, మల్లె ఆవిడకు మొదటి రోజే అయిపోతాయి, అపార్టుమెంట్ గేటు దాటకుండానే. కృష్ణజింక దగ్గర ఆగిపోతుంది. అది కావాలంటే హరిణ వనస్థలికి రావాల్సిందే. ఆంధ్ర వారి జంతువు తెలంగాణ రాజధానిలో హాయిగా మేస్తూ ఉంటుంది, రాష్ట్రం విడిపోయిందని దానికెవరూ చెప్పినట్టు లేదు. మగది నల్లగా, మెలికలు తిరిగిన కొమ్ములతో. ఆడది లేత గోధుమరంగు. లోపల వాహనంలో తిప్పే ఏర్పాటు ఆ రోజు ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్తే అత్తగారికి నడక బాధ తప్పుతుంది.

పిల్లల జట్టుకు తంగేడు ఇప్పుడు సులువు, బతుకమ్మ నాటి పూలు ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. పాలపిట్టకు ఓపిక కావాలి. కరెంటు తీగ మీద ముడుచుకుని కూర్చుంటే మట్టిరంగు పిట్టే, ఎవరూ రెండోసారి చూడరు. ఎగిరిందంటే రెక్కల్లోంచి ఒక్కసారిగా నీలం బయటపడుతుంది. దసరాకి పంజరంలో పెట్టి డబ్బులు తీసుకుని చూపించే పిట్టని లెక్కలోకి తీసుకోకండి. దాన్ని పట్టడం నేరం, పైగా రెక్కలు కట్టేసిన పాలపిట్టలో చూడటానికేముంది?

ఇప్పుడు మీ టెన్షన్ల సంగతి. పాములు ఉంటాయి. లేవని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. మన వైపు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగూ ప్రమాదం. అయితే దారి మధ్యలో నడిచేవాళ్ళ జోలికి అవి రావు. కాలు పెట్టే చోటు కనబడని గడ్డిలోకి, ఎండుటాకుల కుప్పలోకి వెళ్ళకూడదు, రాళ్ళు ఎత్తి చూడకూడదు, బొరియల్లో చెయ్యి పెట్టకూడదు. పిల్లలకు పాత బూట్లు, పొడుగు ప్యాంట్లు. ఇంత చేస్తే చాలు. ఎప్పుడైనా జరగరానిది జరిగితే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయవద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేయండి. విషానికి విరుగుడు ఇంజెక్షను ఆసుపత్రిలో ఉంది, పసరు మందులో లేదు. మీ అత్తగారు ఆకుల సంగతిలో ఎంత గట్టివారైనా ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినకండి.

కోతులే నిజానికి ఎక్కువ చికాకు. ఒకసారి ఒక పార్కులో నేను మురుకుల కవరు చేతిలో పట్టుకుని, ‘కోతులేం చేస్తాయి, మనం భయపడితేనే’ అని మనవరాలికి ధైర్యం చెబుతున్నాను. మాట పూర్తయ్యేలోపు కవరు నా చేతిలో లేదు. ఎదుటి గోడ మీద ఒక ముసలి కోతి మురుకులు కరకరలాడిస్తూ మా వైపే చూస్తోంది. నేర్చుకున్నదేమిటంటే, తిండి కవర్లో చప్పుడయ్యేలా చేత్తో పట్టుకోకూడదు. బ్యాగులో, జిప్పు వేసి, పెద్దవాళ్ళ వీపుకి. కోతి కళ్ళలోకి చూడకుండా, నవ్వి పళ్ళు చూపించకుండా, పరుగెత్తకుండా నెమ్మదిగా పక్కకు తప్పుకోవాలి. లాక్కుంటే ఇచ్చేయాలి. కరిచినా, రక్కినా సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, రేబిస్ టీకా విషయంలో రేపు చూద్దాంలే అనుకోకూడదు.

పాముల కన్నా, కోతుల కన్నా నాలుగేళ్ళ పిల్లతో నేను భయపడేది వేరే. నోరు. కంచెల మీద పాకే తీగకు గురివింద గింజలు ఎర్రగా, కొసన నల్ల చుక్కతో నిగనిగలాడుతుంటాయి. తన నలుపు తానెరగని గింజని సామెతలో వెక్కిరిస్తాం గానీ, నమిలితే అది గట్టి విషం. ఉమ్మెత్త కాయ, గన్నేరు కూడా అంతే, పత్రిలో ఉన్నంత మాత్రాన తినేవి కావు. ‘పార్కులో ఏదీ నోట్లోకి పోదు’ అనేది పాపకు ఒక్కటే రూలు పెట్టండి. సీతాఫలం చెట్టు కనిపించినా సరే, ఇంటికెళ్ళాక కొనుక్కుందాం. తెల్లటి చిన్న పూలతో గుబురుగా పెరిగే వయ్యారిభామ మొక్క దగ్గర కూడా ఆగకండి. ఊళ్ళలో కాంగ్రెస్ గడ్డి అంటారు. పేరు ముద్దుగా ఉంటుంది, ఒళ్ళు దురద, పడనివాళ్ళకు ఆయాసం.

సామాను పెద్దగా అక్కర్లేదు. మనిషికో నీళ్ళ సీసా, టోపీలు, దోమల క్రీము, పాపకు ఒక జత అదనపు బట్టలు. గేటు దగ్గరే బాత్రూమ్ పని చూసుకోండి. ఏడింటికల్లా లోపల ఉంటే పిట్టలు కనిపిస్తాయి, తొమ్మిదిన్నరకు అవీ పడుకుంటాయి, మీరూ ఇంటికి పోయి టిఫిన్ చేయవచ్చు. కార్తీకం కాబట్టి ఉసిరి చెట్టు కింద వనభోజనం అని అత్తగారు అంటారేమో, చాలా పార్కుల్లో లోపల తిండి తిననివ్వరు, ముందే అడగండి. జాతీయ ఉద్యానవనాల్లో ఆ ఆలోచనే వద్దు.

ఒక చోటు పట్టుకుని దానికే మళ్ళీ మళ్ళీ వెళ్ళండి. ‘ఇది చూసేశాం కదా’ అని బాబు అంటాడు. ఫిబ్రవరి చివర్లో ఆకులన్నీ రాల్చేసి మోదుగ చెట్టు ఒళ్ళంతా నిప్పులాంటి పూలు వేసుకున్నప్పుడు తీసుకెళ్ళండి, అదే చెట్టని గుర్తుపడతాడేమో చూద్దాం. ఏప్రిల్‌లో రేల చెట్టు నుంచి పసుపు గుత్తులు వేలాడతాయి. రోహిణి కార్తె ఎండల్లో మానేయండి, ఎవరికీ బాగుండదు. జూన్‌లో మొదటి వానలు పడ్డాక, ఆరుద్ర కార్తె రోజుల్లో ఒక పొద్దున వెళ్తే తడి మట్టి మీద ఎర్రటి మఖమల్ ముక్కలు నడుస్తూ కనిపిస్తాయి. ఆరుద్ర పురుగులు. అరచేతిలో పెట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని కాసేపు కదలవు. మనం ఊపిరి బిగబట్టి చూస్తుంటే మళ్ళీ మెల్లగా బయలుదేరతాయి. వేలి కొసతో ఒక్కసారి నిమరనిచ్చి, ఎక్కడ తీశారో అక్కడే వదలమనండి. అగ్గిపెట్టెలో వేసుకుని స్కూలుకు తీసుకెళ్ళే పని మనం చేశాం, అవి సాయంత్రానికి చచ్చిపోయేవి.

సంక్రాంతికి తెనాలి వెళ్తారు కదా. గుంటూరు దగ్గర ఉప్పలపాడు ఊరి చెరువు ఉంది, ఒక గంట దానికి కేటాయించండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వందల్లో చెట్ల మీద, నీళ్ళ మీద. అక్కడ నడక కూడా అక్కర్లేదు, గట్టున కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. మీ అత్తగారు సొంత జిల్లా అని మీ అందరికీ అతిథి మర్యాదలు చేస్తారు. ఆంధ్ర జట్టుకు రెండు మార్కులు ఎక్కువ వేయమని పేచీ పెట్టినా పెడతారు.

ఈ ఆదివారం కొత్తగూడతో మొదలుపెట్టండి. ఇంటికి వచ్చాక నలుగురి ప్యాంట్లకూ, అత్తగారి చీర కుచ్చిళ్ళకూ ఉత్తరేణి గింజలు అంటుకుని ఉంటాయి. అలాగే వాషింగ్ మెషిన్లో వేస్తే బట్టలన్నిటికీ పాకుతాయి, ఒక్కొక్కటీ చేత్తో ఏరాలి. అరగంట పని. అది మీవారికి అప్పగించండి. ఆ రోజు అడుగులు ఎలాగూ తక్కువే పడి ఉంటాయి.